బండి కదలక పూర్వము

పెద్దలారా,

కారులో దూరప్రయాణము చేయదలచినవారు ముందుగా చేసికొనవలసిన సన్నాహమును గూర్చి నాలుగు మాటలు మనవిచేయుటకు ఈ సాయంకాలము మీ ముందునకు వచ్చితిని. కారు నడపువారు పడుచువారు గదా, ఆ సంగతులు వారికి చెప్పక మాకేల చెప్పుచున్నాడని మీలో కొందరనుకొనవచ్చును. కాని మన పల్లెలలో ప్రయాణమును నిశ్చయించువారెవరు? ఏ దినమున పోవలయునో, ఏ గంటకు గడప దాటవలయునో, బండిలో ఎవరెవరు ఎక్కవలయునో, ఎప్పటికి తిరిగి యిల్లు చేరవలయునో నిర్ణయించునది పెద్దలే. కుఱ్ఱవాని చేతిలో నున్నది చక్రము మాత్రమే. కాలము మీ చేతిలో నున్నది. దారిలో సంభవించు కీడులలో అనేకమునకు బీజము ఆ కాలనిర్ణయములోనే పడుచున్నది. కనుక ఈ మాటలు ముందుగా మీకే విన్నవించుట న్యాయము.

పూర్వము మన పెద్దలు బండి కట్టుకొని తిరునాళ్లకో, పెండ్లికో పోవలసివచ్చినపుడు సన్నాహము ముందునాడే మొదలగుచుండెను. ఇరుసునకు కందెన పట్టించెడివారు. చక్రము ఊడిపోకుండ పట్టియుంచు చీలను తట్టి చూచెడివారు. ఎద్దుల గిట్టలెత్తి లాడములు అరిగినవేమో పరీక్షించెడివారు. గడ్డియు ఉలవలును బండిలో వేసికొనెడివారు. ఏ చెఱువుగట్టున ఎద్దులను విప్పవలయునో, ఏ సత్రమున రాత్రి నిలువవలయునో ముందే అనుకొనెడివారు.

ఇంకను పెద్ద ప్రయాణములు చేసినవారును గలరు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీని కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి చెన్నపట్టణము చేరిరి. ఆ యాత్రలో ఆయన మజిలీ మజిలీకిని దారి యెట్లున్నది, నీరు దొరకునా, దిగుటకు వసతి యున్నదా, సరకులు లభించునా యను సంగతులు వ్రాసి యుంచిరి. ఆ వ్రాతలే కాశీయాత్రచరిత్ర యను గ్రంథమైనవి. అందువలన మనకు తెలియవచ్చున దేమనగా, ప్రయాణమనగా కేవలము నడచుట కాదు. ఎక్కడ ఆగవలయునో తెలిసి నడచుట.

నేటి కారు ఆ మార్గమును గంటలలోనికి కుదించినది. కాని యొక భేదమును మనము మరచుచున్నాము. ఎద్దు అలసిన నడక తగ్గించును. మరియు అలసిన మోకరించును. బండివాడు కునికినను ఎద్దులు త్రోవ విడువక యింటికి చేర్చును. కారునకు ఆ జ్ఞానము లేదు. అది అలయదు, ఆకలి యనదు. నడపువాడు కన్నుమూసినను అదే వేగముతో పోవుచునే యుండును. కొన్ని క్రొత్త కార్లలో డ్రైవరు కునుకును కనిపెట్టి గంట మ్రోగించు యంత్రములు వచ్చినవి. అవి వానిని మేల్కొల్పగలవే గాని వాని నిద్రను తీర్చలేవు.

ఈ విషయమై యింతగా చెప్పుటకు కారణము గలదు. కేంద్రప్రభుత్వపు రోడ్డురవాణా శాఖవారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డుప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అనగా దినమునకు 460 మందికి పైగా. దినమున కొక చిన్నపల్లె చొప్పున నేలమట్టమగుచున్నదని యెంచుకొనవచ్చును. ఇందు గర్భశత్రువు లెవ్వరును లేరు. పెండ్లికి పోయి వచ్చువారు, మ్రొక్కు తీర్చుకొనబోవువారు, పండుగకు పుట్టింటికి వచ్చుచున్న ఆడపడుచులు గలరు.

ఒక దృష్టాంతమును తీసికొందము. ఏలూరు సమీపమున నొక గ్రామము. అందొక కుటుంబమువారు తిరుపతికి పోదలచిరి. విజయవాడ, గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు, నెల్లూరులమీదుగా 16వ నంబరు జాతీయరహదారిని పోయి, నాయుడుపేటవద్ద తిరిగి, శ్రీకాళహస్తిమీదుగా తిరుపతి చేరవలెను. సుమారు 450 కిలోమీటర్ల దారి. మన యిండ్లలో సాధారణముగా జరుగు ఆలోచన యేమి? “పగలు పోయినచో ఒక దినము వృథాయగును. రాత్రి భోజనములు చేసి 9 గంటలకు బయలుదేరుదము. పిల్లలు నిద్రపోవుదురు, ఎండ యుండదు, రోడ్డు ఖాళీగా నుండును, తెల్లవారుసరికి కొండక్రింద నుందుము.” వినుటకు ఎంతో యుక్తముగా నున్నది. ఇప్పుడు లెక్కవేసి చూడుడు.

కారు నడపవలసిన కుమారుడు ఆ యుదయము 5 గంటలకు లేచినాడు. పగలంతయు పొలము పనియో, దుకాణము పనియో చూచుకొన్నాడు. సాయంకాలము సామాను సర్దినాడు. బండి విజయవాడ పొలిమేర చేరు రాత్రి 10 గంటలకు అతడు మేల్కొని 17 గంటలైనది. ఒంగోలు దాటి నెల్లూరు దారిలో నుండు రాత్రి 2 గంటలకు 21 గంటలైనది. 1997లో ఆస్ట్రేలియాలోని డాసన్, రీడ్ అను శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించిరి. 17 గంటలు ఎడతెగక మేల్కొనియున్న మనుష్యుని చేతిచురుకుదనము, నూఱు మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యముగలవాని స్థితికి దిగజారునని వారు కనుగొనిరి. మన దేశపు చట్టము నడపువానికి అనుమతించు హద్దు 30 మిల్లీగ్రాములే. అనగా చుక్క కల్లు ముట్టని మీ కుమారుడు, దేవుని దర్శనమునకు పోవుచు, త్రాగినవానివంటి స్థితిలో ఇంటిల్లిపాదిని తీసికొనిపోవుచున్నాడన్నమాట. త్రాగిన వానికి మీరు తాళపుచెవి యియ్యరు. నిద్రలేనివానికి మాత్రము తాంబూలమిచ్చి సాగనంపుచున్నాము.

అర్ధరాత్రి దాటిన పిదప, ముఖ్యముగా 2 గంటలనుండి తెల్లవారువరకు, శరీరము తనంతట తానే నిద్రకు దిగును. అది బలహీనత కాదు, దేహధర్మము. ఆ వేళ కునుకు చెప్పిరాదు. కన్నులు తెరచియున్నను మనస్సు రెండుమూడు సెకనులపాటు ఆరిపోవును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక సెకనులో దాదాపు 28 మీటర్లు పోవును. నాలుగు సెకనుల కునుకులో 110 మీటర్లు, అనగా ఊరిలో ఒక వీధి పొడవు, ఆ బండి యజమాని లేక పరుగెత్తినట్లే. ఆ వీధిలోనే దీపములు లేక నిలిపిన లారీ యుండవచ్చును, వెనుక దీపము లేని ట్రాక్టరు తొట్టి యుండవచ్చును, పరుండిన పశువుండవచ్చును. తన దీపపు వెలుగు ఎంతదూరము పారునో అంతలో ఆపలేని వేగము రాత్రివేళ తగని వేగమని తెలిసికొనవలెను.

మరియేమి చేయవలెను? బయలుదేరు నాటి ముందురాత్రి నడపువానిచేత 7 గంటలైనను నిద్రపుచ్చవలెను. ఆనాటి సాయంకాలము వానికి ఏ పనియు చెప్పరాదు. ఉదయము 6 గంటలకు బయలుదేరవలెను. సంక్రాంతి దినములలో పొగమంచు క్రమ్మియున్నచో అది విడిపోవువరకు ఆగవలెను. ఆగుటలతోగూడ గంటకింత యని లెక్కవేయక, నడక వేరు, విరామము వేరుగా లెక్కించవలెను. గంటకు సగటున 60 కిలోమీటర్ల చొప్పున 450 కిలోమీటర్లకు ఏడున్నర గంటలు. రెండుగంటల కొకమారు కొంతసేపును, భోజనమునకు ఒక గంటయు కలిపి రెండున్నర గంటల విరామము. మొత్తము 10 గంటలు. సాయంకాలము 4 గంటలకు తిరుపతి చేరుదురు. రాత్రి విశ్రమించి మరునాడు కొండ యెక్కుదురు. పోయినదని మనమనుకొను ఆ పగలు నిజమునకు పోలేదు. దానిని పెట్టి ప్రాణములు కొన్నాము.

ఇందు మధ్యాహ్నము 2 గంటలు మొదలు 4 గంటలవరకు ఇంకొక నిద్రవేళ యున్నదని మరువరాదు. అన్నము నిండుగా తిని వెంటనే చక్రము పట్టుకొనరాదు. నడపువాడు ఆవులించుట, దాటివచ్చిన ఊరు జ్ఞాపకము లేకుండుట, బండి గీతదాటి పోవుట కనబడినచో అవి నిద్రపంపిన కబురులు. అద్దములు దించుటవలనను, పాటలు పెట్టుటవలనను, కిళ్లీ నములుటవలనను ఆ నిద్ర పోదు. పెట్రోలుబంకువంటి క్షేమమైన స్థలమున బండి నిలిపి 20 నిమిషములు పడుకొనుటయే మందు. కాఫీ త్రాగినచో దాని గుణము పట్టుటకు దాదాపు అరగంట పట్టును. కాబట్టి త్రాగి పడుకొనుట మంచిది, త్రాగి నడపుట కాదు. ఇద్దరు నడపువారున్నచో మరింత మేలు. అయితే రెండవవాడు ముందుసీటులో ముచ్చటలాడుచు కూర్చున్నచో ఇద్దరును అలసినవారే యగుదురు. తనవంతు రాకముందు అతడు నిజముగా నిద్రించవలెను.

ఇచటనే ముహూర్తమును గూర్చి ఒక మాట. పంచాంగము చూడవలదని నేను చెప్పను. మంచివేళ తెల్లవారుజామున 2 గంటలకు వచ్చినదనుకొందము. దానికొరకు నిద్రమొగముతో బయలుదేరవలసిన పనిలేదు. మన పెద్దలు దీనికి ఉపాయము ఏనాడో చెప్పియున్నారు. ప్రస్థానము పెట్టుట యను ఆచారము మీలో అనేకులకు తెలియును. మంచివేళకు ఒక వస్త్రమునో, ప్రయాణపు సంచినో పొరుగింట నుంచి, తమకు వీలైన గంటకు బయలుదేరుట ఆ యాచారము. సంచి వేళకు పోయినది. మనుష్యులు తెల్లవారిన పిదప పోవుదురు. శాస్త్రమును నిలిచినది, నిద్రయు నిలిచినది. మరుగునపడిన యీ యాచారమును మరల ఇంటింట నెలకొల్పుడని ప్రార్థన.

అట్లే కారు కదలునపుడు నాలుగు చక్రములక్రింద నిమ్మకాయలు పెట్టుచున్నాము. పెట్టుడు. కాని వంగి కాయ పెట్టినపుడే ఆ చక్రముమీద కన్ను వేయుడు. నాలుగు కాయలకు నాలుగు చక్రములు చూచినట్లగును. చూడవలసినది మూడు విషయములు. మొదటిది అరుగుదల. టైరు చాళ్లలో అడ్డముగా చిన్న దిమ్మెలుండును. చాళ్లు అరిగి ఆ దిమ్మెలకు సమమైనచో టైరు ఆయువు తీరినది. కారు టైరునకు చాలు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చట్టము. చాలులేని టైరు తడిరోడ్డుమీద నీటిని తొలగించలేక తేలిపోవును. రెండవది వయస్సు. టైరు ప్రక్కను నాలుగంకెలు అచ్చుపోసియుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున పుట్టినదని అర్థము. ఇంటివద్ద నీడనున్నను రబ్బరు ముదిసి పగుళ్లు దీయును. మూడవది గాలి. డ్రైవరు తలుపు ప్రక్కనున్న చీటిమీద ఎంతగాలి యుండవలయునో వ్రాసియుండును. నిండుబరువునకు వేరుగా, ఎక్కువగా వ్రాసియుండును. టైరు చల్లగా నున్నపుడే కొలిపించవలెను.

ఎండకాలమున టైరు పగులునని గాలి తగ్గించు అలవాటు చాలచోట్ల నున్నది. ఇది తలక్రిందుల యాలోచన. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునకు ఎక్కువగా నలిగి, ఆ నలుగుడుచేతనే వేడెక్కి, తుదకు పగులును. తయారుచేసినవారు చెప్పినంత గాలియే వేసవికిని సరియైన గాలి. వెనుక నున్న అయిదవ చక్రమునుగూడ మరువరాదు. ఆపత్తున కక్కరకు రావలసినది ఆపత్తుననే గాలిలేక పడియుండుట అనేకుల అనుభవము. జాకీయు, చక్రపుమరలు విప్పు పానాయు ఉన్నవో లేవో అప్పుడే చూడవలెను.

తక్కిన యంత్రపరీక్షను బయలుదేరు నాటి ప్రొద్దున కాక, వారము దినములముందు మెకానిక్కుచేత చేయించవలెను. క్రొత్తగా వేసినది కుదిరినదో లేదో ఊరిచుట్టుప్రక్కల తిరిగి తెలిసికొనుటకు ఆ వ్యవధి కావలెను. ఇంజనునూనె, బ్రేకునూనె, శీతలజలము, బ్యాటరీ, బ్రేకులు, వానతుడుపులు, ముందు వెనుక దీపములు, ఇవి ముఖ్యములు. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత విప్పరాదు. మరుగునీరు ఎగజిమ్మి ముఖము కాలును. ఘాటురోడ్డు దిగునపుడు బ్రేకును ఎడతెగక త్రొక్కిపట్టరాదు; అది కాగి పట్టు విడుచును. చిన్నగేరులో వేసి, ఇంజనుచేతనే బండిని పట్టించవలెను. తిరుమల మొదటి ఘాటురోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. దారులు బాగుపడినను దిగుడు దిగుడే.

ఇక బండిలో కూర్చుండువారి సంగతి. అయిదుగురికి చేసిన కారులో ఎనిమిదిమందిని ఎక్కించుట మనకు ఆదరముగా తోచును. “సర్దుకొందము, కొంచెము దూరమే గదా” యందుము. బరువు పెరిగినకొలది బ్రేకు వేసిన బండి ఆగుటకు ఎక్కువ దూరము కావలెను. వేగము రెండింతలైనచో ఆగుదూరము నాలుగింతలగును. మీద కట్టిన సామాను బండిని తలబరువు చేసి మలుపున పక్కకు లాగును. సీట్లెన్నియో అంతమందియే యెక్కవలెను. చోటు చాలనివారిని రైలులో పంపుట అగౌరవము కాదు.

ప్రతిసీటునకు నడుము కట్టు, అనగా సీటుబెల్టు, ఉన్నది. నేడు వాడుకలోనున్న మూడుమొనల బెల్టును స్వీడను దేశపు వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించెను. ముందువారు కట్టుకొన్నచో చాలును, వెనుకవారికేల యను భ్రమ మనలో గట్టిగా నాటుకొన్నది. ఇందాక చెప్పిన లెక్కలలోనే 2022లో బెల్టు కట్టుకొననందున 16,715 మంది మరణించిరని యున్నది. వారిలో నడపువారు 8,384. మిగిలిన 8,331 మంది కూర్చున్నవారు. అనగా దాదాపు సగముమంది చక్రము ముట్టనివారే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి దేనికైన కొట్టుకొని నిలిచినపుడు, కట్టులేనివాడు అదే వేగముతో ముందుకు పడును. 14 మీటర్ల ఎత్తున్న కొబ్బరిచెట్టు తలనుండి జారినవాడు నేలను తాకు వేగమదియే. ఆ సమయమున ఒడిలోని శిశువును ఏ తల్లి చేతులును పట్టి నిలుపలేవు. పిల్లలను ముందుసీటులో ఒడినుంచుకొనుట మిక్కిలి అపాయము. తెరచుకొను గాలిసంచియే వారిని నలిపివేయగలదు. చంటివారికి ప్రత్యేకపు సీటు కొనవలెను. 14 సంవత్సరములలోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని యుండవలెనని 2019లో సవరించిన మోటారువాహనముల చట్టము శాసించుచున్నది. గర్భిణిగూడ కట్టుకొనవలెను, నడుముకట్టు ఉదరముక్రిందుగా, తొడలమీదుగా పోవలెను.

ముసలివారు తమ రక్తపుపోటు మందులను, చక్కెరవ్యాధి మందులను వెనుక పెట్టెలో కాక చేతిసంచిలో నుంచుకొనవలెను. ఇన్సులిను వాడువారు దానిని ఎండనున్న కారులో వదలరాదు, భోజనపువేళ తప్పరాదు. దారిలో మరుగుదొడ్డి దొరకదేమో యను భయముచేత స్త్రీలు నీరు త్రాగుట మానుకొనుచున్నారు. ఇది ఎవరును పైకి చెప్పని బాధ. బయలుదేరక పూర్వమే ఆగవలసిన స్థలములను, శుభ్రమైన వసతిగల బంకులను అనుకొని, “ప్రతి రెండుగంటలకును ఆగుదుము” అని ఇంటి పెద్ద చెప్పినచో ఆ బాధ తొలగును. ఆగినపుడు అందరును దిగి నాలుగడుగులు నడిచినచో కాళ్లవాపు తగ్గును, నెత్తురు గడ్డకట్టు భయమును తగ్గును. పిల్లలనుగాని, నిద్రించుచున్న ముసలివారినిగాని తలుపులు మూసిన కారులో ఎండన ఒంటరిగా విడువరాదు. అది కొద్ది నిమిషములలో కొలిమి యగును. దారితిండికి పులిహోర నిలుచును; వేసవిలో పెరుగన్నము నిలువదు.

కాగితములలో లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, భీమా, కాలుష్యపు ధ్రువపత్రము, ఈ నాలుగింటికిని గడువు తీరలేదని చూడవలెను. ప్రభుత్వపు డిజిలాకరులో చూపినను చెల్లును. టోలుగేట్లవద్ద ఫాస్టాగు 2021 ఫిబ్రవరినుండి తప్పనిసరి యైనది. అందులో సొమ్మున్నదో లేదో ముందే చూడవలెను. ఒక చిన్న కాగితముమీద ఇంటివారి నంబర్లను, వానితోపాటు 108, 112, జాతీయరహదారుల సహాయమునకు 1033 నంబరును వ్రాసి బండిలో నుంచుడు. ఫోను పగిలినను కాగితము పగులదు. దారిలో బండి చెడినచో ఎఱ్ఱ త్రికోణమును వెనుక దూరముగా నిలిపి, అందరును బండి దిగి, రోడ్డునకు ఎడముగా పోయి నిలువవలెను. బండిలోనే కూర్చుండరాదు. మరియొకరికి ప్రమాదము కలిగినచో నిలిచి సహాయము చేయుటకు వెనుదీయవద్దు. అట్టి ఉపకారిని కోర్టులకీడ్చి బాధింపరాదని 2019 చట్టసవరణ రక్షణ యిచ్చినది.

అద్దెకారు మాటలాడువారికి రెండు మాటలు. తెల్లబోర్డుగల సొంతపుకారును బాడుగకు తీసికొన్నచో, ప్రమాదము కలిగినపుడు భీమాకంపెనీ పరిహారము నిరాకరింపవచ్చును. అద్దెకు నమోదైన పసుపుబోర్డు బండినే పిలువుడు. రెండవది డ్రైవరు సంగతి. పెండ్లిండ్ల దినములలో ఆ మనుష్యుడు నిన్నటి రాత్రి ఒక పెండ్లివారిని దింపి, నేటి ప్రొద్దున మీ వాకిట నిలిచియుండవచ్చును. “నాయనా, రాత్రి ఎన్ని గంటలు పడుకొన్నావు?” అని అడుగుడు. తక్కువ పడుకొన్నానన్నచో మంచము వేయించి, మూడునాలుగు గంటలు నిద్రపోనిచ్చి, పిదప బయలుదేరుడు. పెండ్లియింట అందరును తిన్న తరువాత మిగిలినది వానికి పెట్టి, దోమలలో కారు సీటుమీద పడుకొమ్మనుట మనకు సామాన్యమైనది. వరునికి పట్టెమంచము వేసి, ఆ వరుని ప్రాణమును మోసికొనిపోవువానికి చాపయైన వేయకుండుట ఎట్టి వివేకము? భోజనము మొదటిపంక్తిలో వానికి పెట్టుడు. ఫ్యానుక్రింద మంచము వానికి వేయుడు. ఇది దానము కాదు; ప్రయాణ సన్నాహములో ముఖ్యభాగము.

మరియొక సన్నాహము ఇంటనుండువారు చేయవలసినది. అరగంట కొకమారు ఫోను చేసి “ఎంతవరకు వచ్చినారు? భోజనములు చల్లారుచున్నవి” యని యడుగుచున్నాము. ప్రేమతోనే యడుగుచున్నాము. ఆ మాట చెవినిబడినప్పుడు నడపువాని పాదము తెలియకుండనే క్రిందికి నొక్కును. నడపువానికి ఫోను చేయవద్దు; ఆగిన చోటనుండి వారినే చేయుమనుడు. భోజనము చల్లారినచో మరల కాచుకొనవచ్చును. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మీరు చెప్పిన సామెతయే.

పెద్దలారా, ఇన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుట కష్టమన్నచో, వాకిట నిలిచి మూడు ప్రశ్నలు మాత్రము అడుగుడు. రాత్రి నిద్రపోయినావా? చక్రములు చూచినావా? అందరును కట్టు కట్టుకొన్నారా? మూడింటికిని ఔనను సమాధానము వచ్చువరకు కదలనియ్యకుడు. ఎవరైన తుమ్మినచో ఒక నిమిషము ఆగి నీళ్లు త్రాగి పోవుట మన యాచారమే గదా. ఈ మూడు ప్రశ్నలకును ఆ నిమిషమే చాలును. పిమ్మట “ఆలస్యమైనను సరే, మెల్లగా పోయి రండి” అని ఒక్కమాట చెప్పుడు. ఆ మాట కుమారుడు చెప్పినచో పిరికివాడందురు, కోడలు చెప్పినచో లెక్కచేయరు. పెద్దలు చెప్పినచో అది సెలవగును. త్వరపడనక్కరలేదను నిశ్చింతతో బండి కదలును. మన భాషలో బయలుదేరువానిని ఎవరును “పో” అనరు. “పోయి రా” అందురు. ఆ రెండవ మాటను నిలువబెట్టుటకే యీ సన్నాహమంతయు.

సెలవు.